ప్రచారపు తొలిరోజును లెక్కపెట్టేదెవరు?

సంపాదకులు గారికి నమస్కారములు.

ఇటీవల ఒకే రోజున మీ పత్రికలో రెండు వార్తలు చదివాను. మొదటిది అంతర్జాతీయ పేజీలోది. 2028 నవంబరు 7న జరగవలసిన అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడవచ్చునో ఊహిస్తూ రాసిన సగం పేజీ కథనం అది. రెండవది మా జిల్లా సంచికలోది. గడువు ప్రకారం అదే సంవత్సరం చివరలో రావలసిన మన శాసనసభ ఎన్నికకు మునుగోడులో ఎవరెవరు టికెట్టు ఆశిస్తున్నారన్నది అందులోని సంగతి. రెండు వార్తల్లోనూ అభ్యర్థులు ఏం చేస్తారన్న ముక్క ఒక్కటీ లేదు. ఎవరికి ఎవరు దగ్గరవుతున్నారు, ఎవరు ఎవరి మీద అలిగారు అన్న లెక్కలే ఉన్నాయి. ఎన్నిక ఇంత దూరాన ఉండగానే ఓటరును పిలిచి కూర్చోబెట్టే ఈ అలవాటు గురించి నాలుగు మాటలు రాయాలనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కాస్త పొడుగైతే మన్నించాలి.

నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పోలింగు విధులకు వెళ్లాను కాబట్టి ఎన్నిక అంటే నాకు గౌరవమే తప్ప విసుగు ఉండేది కాదు. విసుగన్నది మొదటిసారి 2022లో మునుగోడు శాసనసభ స్థానానికి ఉపఎన్నిక జరిగినప్పుడు, చండూరు దగ్గరి మా పల్లెలోనే కలిగింది. రెండోసారి 2024లో, కోడలి కాన్పు కోసం నేనూ నా భార్యా ఆరు నెలలు పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫిలడెల్ఫియా శివారున ఉన్నప్పుడు, నాకు ఓటే లేని దేశంలో కలిగింది. ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తోచినది ఏమిటంటే, ఓటరును అలసగొట్టే ప్రచారంలో ఎక్కువ భాగం చట్టం కంటికి ఆనకుండానే జరిగిపోతున్నది.

మునుగోడు సంగతి ముందు చెబుతాను. 2022 ఆగస్టు 8న అప్పటి శాసనసభ్యుని రాజీనామా ఆమోదం పొంది స్థానం ఖాళీ అయింది. పోలింగు నవంబరు 3న జరిగింది. నడుమ 87 రోజులు. ఎన్నికల సంఘం షెడ్యూలు ప్రకటించింది అక్టోబరు 3న, నోటిఫికేషన్ వెలువడింది 7న, నామినేషన్ల ఉపసంహరణకు ఆఖరి రోజు 17. ఆ రోజు సాయంత్రానికి బరిలో 47 మంది అభ్యర్థులు తేలారు. ప్రచారం నవంబరు 1 సాయంత్రంతో ముగిసింది. అంటే కాగితం మీద చూస్తే ఎవరెవరు పోటీలో ఉన్నారో తేలిన తరువాత జరిగిన ప్రచారం పదిహేను రోజులు. మా ఊరి లెక్కలో మాత్రం అది మూడు నెలలు, ఎందుకంటే ఆగస్టు 20న ముఖ్యమంత్రి సభ, మరునాడే కేంద్ర హోం మంత్రి సభ మునుగోడులోనే జరిగాయి. అప్పటికి షెడ్యూలుకు ఇంకా నెలన్నర ఉంది.

అప్పటి నుంచి ఊరికొక శాసనసభ్యుడు, మండలానికొక మంత్రి ఇన్‌చార్జిలుగా దిగారు. చౌటుప్పల్, చండూరులలో ఖాళీ ఇల్లు దొరకలేదు, ఫంక్షన్ హాళ్లు నాయకులకు, వారి వెంట వచ్చినవారికి బసలయ్యాయి. పొద్దున ఆరింటికి మొదటి మైకు బండి వచ్చేది. మా ఊరి నాలుగు బాటల కాడ మూడు పార్టీల బండ్లు ఒకేసారి ఆగి మూడు పాటలు పెట్టినప్పుడు ఏ పాటలో ఏ నాయకుని పేరున్నదో పాడినవాడికి కూడా తెలిసేది కాదేమో. అప్పటికి మంచాన ఉన్న మా అమ్మ, "ఎవలింట్ల పెండ్లి కొడుకా, ఇన్నొద్దులాయె, ఒడుస్తనే లేదు?" అని అడిగేది. ఎన్నిక అని చెబితే ఒక పూట గుర్తుండేది, మరునాడు మళ్లీ పెండ్లి గురించే అడిగేది. ఫోనుకు రికార్డు చేసిన గొంతులు వచ్చేవి. మీ ఓటు ఫలానా పార్టీకైతే ఒకటి నొక్కండి, ఫలానా పార్టీకైతే రెండు నొక్కండి అని. పదో సారి తరువాత నేను తొమ్మిది నొక్కడం మొదలుపెట్టాను. దాని ఫలితం ఏ సర్వేలో ఎలా తేలిందో మరి.

ఇందులో నవ్వుకునేవి కొన్ని ఉన్నా, నవ్వుకోలేని సంగతి పత్తిది. అక్టోబరు, నవంబరు మాసాలు మా దగ్గర పత్తి ఏరే కాలం. ఏరడానికి మనుషులే కావాలి. ఆ సంవత్సరం రోజూ ఏదో ఒక సభ, ర్యాలీ, చేరికల కార్యక్రమం ఉండటం, వాటికి వెళ్తే చేతికి వచ్చే పైసలు చేనులో దొరికే కూలి కంటే ఎక్కువ ఉండటం, పైగా అక్కడ నడుం వంచే పని లేకపోవటం వలన ఆడవాళ్లు చేన్లకు రావడం మానారు. వారిని నేను తప్పుపట్టను. ఏడాది పొడవునా ఎండలో పనిచేసేవారు ఒక నెల నీడన కూర్చుంటే మనకేం కడుపుమంట? అయితే నాలుగెకరాల కౌలు రైతు పరిస్థితి వేరు. పగిలిన కాయ చెట్టు మీదనే ఉండిపోయి, నడుమ ఒక వాన పడితే దూది రంగు మారి, ధర దగ్గర దెబ్బ తినేది అతడే. మా వీధిలో ఇద్దరు రైతులు పక్క నియోజకవర్గం నుంచి కూలీలను ఆటోల్లో తెచ్చుకున్నారు. ఆ రాకపోకల ఖర్చు ఏ అభ్యర్థి ఖాతాలోనూ పడలేదు.

ఈ పత్తి గుర్తుకు వచ్చినప్పుడల్లా అమెరికా చట్టంలోని ఒక పాత ఏర్పాటు గుర్తుకు వస్తుంది. అక్కడ అధ్యక్ష ఎన్నిక నవంబరులో మొదటి సోమవారం తరువాత వచ్చే మంగళవారం నాడు జరగాలని 1845లో చట్టం చేశారు. అప్పటికి ఆ దేశం ఎక్కువగా రైతుల దేశం. పంట ఇంటికి చేరి, చలి ముదరక ముందు, ఆదివారం చర్చికి పోయివచ్చి, సోమవారం బండి కట్టుకుని బయలుదేరినా మంగళవారానికి ఓటు వేసే చోటికి చేరుకోగలడన్న లెక్కతో ఆ రోజును పెట్టారని చెబుతారు. నూట ఎనభై ఏళ్ల కిందటి చట్టసభ రైతు క్యాలెండరు చూసి పోలింగు తేదీ పెట్టింది. మనం మాత్రం పత్తి ఏరుతున్న నియోజకవర్గంలో సరిగ్గా ఆ వారంలోనే పెట్టుకున్నాము.

అంతమాత్రాన అమెరికా వారి పద్ధతి మేలని నేను అనబోవటం లేదు. ప్రచారం విషయంలో వారి పరిస్థితి మనకన్నా అన్యాయం. మునుగోడు ఫలితం 2022 నవంబరు 6న వచ్చింది. సరిగ్గా తొమ్మిది రోజుల తరువాత, నవంబరు 15న, డొనాల్డ్ ట్రంప్ గారు 2024 అధ్యక్ష ఎన్నికకు తన అభ్యర్థిత్వాన్ని ప్రకటించారు. పోలింగు 2024 నవంబరు 5న. దాదాపు రెండు సంవత్సరాలు! జో బైడెన్ గారు 2024 జులై 21న పోటీ నుంచి తప్పుకుని కమలా హారిస్ గారు ఆ స్థానంలోకి వచ్చినప్పుడు మిగిలినవి 107 రోజులు. ఇంత తక్కువ వ్యవధిలో దేశమంతా ఎలా తిరుగుతారన్న చర్చ అక్కడి టీవీలలో ఎడతెగకుండా సాగింది. మా ఊరికి 87 రోజులే మోయలేని బరువైతే, వారికి 107 రోజులు కరువు కాలంలా కనిపించింది. అదే సంవత్సరం బ్రిటన్‌లో ప్రధాని ఎన్నికలు ప్రకటించింది మే 22న, పోలింగు జులై 4న. ఆరు వారాల్లో వారి దేశంలో ప్రభుత్వమే మారిపోయింది.

మా అబ్బాయి ఇంటి దగ్గర మైకు బండి లేదు, ఊరేగింపు లేదు, గోడ మీద రాత లేదు. బయటి నుంచి చూస్తే ఎన్నికలు జరుగుతున్నాయా అన్నంత నిశ్శబ్దం. ఇళ్ల ముందు గడ్డిలో గుచ్చిన చిన్న బోర్డులు తప్ప మరేమీ కనబడదు. గోలంతా ఇంటి లోపల ఉంటుంది. పోస్టు డబ్బా తెరిస్తే రోజూ నాలుగైదు రంగుల అట్టలు, ఒకదానిలో ఉన్న మనిషి దేశాన్ని కాపాడేవాడు, ఇంకొకదానిలో అదే మనిషి దేశాన్ని ముంచేవాడు. మా అబ్బాయికి అక్కడ ఓటు లేదు, అయినా ఆ ఇంట్లో అంతకు ముందు ఉన్నవారి పేరు మీద అవి వస్తూనే ఉండేవి. చెత్త బండి వచ్చే రోజు వాటిని కట్టగా కట్టి డబ్బాలో వేయడం నా పనిగా పెట్టుకున్నాను. టీవీ పెడితే ప్రకటన వెంట ప్రకటన. ఫోనులో చందా అడిగే సందేశాలు, గుమ్మం ముందు చేతిలో జాబితా పట్టుకుని నిలబడే కార్యకర్తలు.

ఇంత ఒత్తిడి దేశమంతటా ఒకే తీరుగా లేకపోవటం గమనించవలసిన సంగతి. అక్కడ అధ్యక్షుని తేల్చేది రాష్ట్రాలవారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లు, మొత్తం 538లో 270 వచ్చినవారు గెలుస్తారు, చాలా రాష్ట్రాలలో ఎవరు గెలిచేదీ ముందే తెలిసిపోయి ఉంటుంది. ఆ సంవత్సరం ఎటూ తేలనివి పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా. ఈ ఏడు రాష్ట్రాల వారి మీదనే డబ్బూ గోలా కుమ్మరించారు. ఫిలడెల్ఫియా టీవీ కేంద్రాల ప్రసారం నది అవతల న్యూజెర్సీ దక్షిణ భాగంలోనూ అందుతుంది కాబట్టి, అక్కడ ఉండే మా బంధువులు తమ రాష్ట్రంలో పోటీయే లేకపోయినా పక్క రాష్ట్రపు ప్రకటనలన్నీ చూడవలసి వచ్చింది. మునుగోడు ఎన్నికప్పుడు నకిరేకల్ వాళ్లు, దేవరకొండ వాళ్లు పడ్డ బాధ కూడా ఇదే.

మా అబ్బాయి పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. సాయంత్రం నడకలో కలిసేవాళ్లం. నా ఇంగ్లీషు, ఆయన ఇంగ్లీషు ఒకటి కాకపోయినా వయసు ఒకటి కాబట్టి మాటలు సాగేవి. తాను ఎవరికి ఓటు వేయాలో వసంతంలోనే నిర్ణయించుకున్నానని, ఆ తరువాత టీవీలో ప్రకటన వచ్చినప్పుడల్లా శబ్దం తీసేస్తున్నానని చెప్పారు. మరి కొత్త విషయం ఏదైనా చెబితే ఎలా తెలుస్తుందని అడిగాను. "కొత్త విషయం చెబుతారని మీరు అనుకుంటున్నారా?" అని ఆయన తిరిగి అడిగారు. 2016లోనే ప్యూ అనే పరిశోధనా సంస్థ జరిపిన సర్వేలో ఎన్నికల వార్తల వలన అలసిపోయామని చెప్పిన అమెరికన్లు పది మందిలో ఆరుగురు. 2012లో ఒబామా, రామ్నీల పేర్లు వినీ వినీ విసిగి ఏడ్చిన ఒక నాలుగేళ్ల పాప వీడియో దేశమంతా తిరిగితే, అక్కడి ఒక రేడియో సంస్థ ఆ పాపకు క్షమాపణ చెప్పింది. మన దగ్గర ఇంతవరకు ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పినట్లు నాకు గుర్తు లేదు.

వారి ప్రచారం మొదటి నుంచీ ఇంత పొడుగు కాదు. 1960లో కెనెడీ తన అభ్యర్థిత్వాన్ని ప్రకటించింది ఆ సంవత్సరం జనవరి 2న. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చేందుకు రాష్ట్రాలలో జరిగే ఓటింగులో, పోటీ చేయకుండానే పార్టీ పెద్దల అండతో డెమోక్రాటిక్ అభ్యర్థి అయ్యారు. దాని మీద చెలరేగిన అసంతృప్తి వలన ఆ పార్టీ తన నియమాలు మార్చుకుని, అభ్యర్థిని ఎంచుకునే అధికారాన్ని రాష్ట్రాలవారీ ప్రైమరీలలో ఓటు వేసే సామాన్యులకు అప్పగించింది. ఆలోచన మంచిదే. అయితే రాష్ట్రం వెంట రాష్ట్రం తిరిగి గెలవాలంటే ముందుగా బయలుదేరినవాడిదే పైచేయి అన్న సంగతిని జార్జియా గవర్నరుగా ఉన్న జిమ్మీ కార్టర్ పసిగట్టారు. పల్లి పండించే కుటుంబం నుంచి వచ్చిన ఆయన 1974 డిసెంబరులోనే ప్రకటన చేసి, 1976 జనవరిలో అభ్యర్థి ఎంపిక కోసం జరిగిన అయోవా పార్టీ సమావేశాల కోసం ఆ చిన్న రాష్ట్రంలో ఊరూరా తిరిగారు. తమాషా ఏమిటంటే అక్కడ ఇంకా ఎవరినీ తేల్చుకోలేదన్నవారికే మొదటి స్థానం దక్కింది, కార్టర్ వారి తరువాతనే నిలిచారు. అయినా అభ్యర్థులలో ముందున్నది ఆయనే కాబట్టి పత్రికలు ఆయనను విజేతగా రాశాయి, ఆయన అధ్యక్షుడయ్యారు. ఆ తరువాత ఎవరూ ఆలస్యంగా బయలుదేరే సాహసం చేయలేదు. అదే 1976లో అక్కడి సుప్రీంకోర్టు అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెట్టడం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని తీర్పు చెప్పటంతో, రోజులకు హద్దు లేనట్లే డబ్బుకూ హద్దు లేకుండా పోయింది.

మనకు హద్దులు ఉన్నాయి, వాటిలో కొన్నిటికి మా నల్లగొండతో సంబంధం కూడా ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికలో ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన జనం గోడు దేశానికి వినిపించాలని జలసాధన సమితి పిలుపు మీద వందలాది మంది నామినేషన్లు వేశారు. చివరికి నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. దాని అచ్చు కోసం పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది. నేను ఆ ఎన్నికలో విధుల్లో ఉన్నాను. పేజీలు తిప్పుతూ తమ గుర్తు వెతుక్కునే ముసలివాళ్లను ఇప్పటికీ మరచిపోలేదు. ఆ నాలుగు వందల మంది ఒక్క మైకు బండి తిప్పలేదు, ఒక్క సభ పెట్టలేదు. అయినా మా నీళ్ల సంగతి ఢిల్లీ దాకా వినబడింది. అదే సంవత్సరం ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నామినేషన్ల ఉపసంహరణ గడువుకూ పోలింగుకూ మధ్య ఉండవలసిన కనీస వ్యవధిని 20 రోజుల నుంచి 14 రోజులకు తగ్గించారు. ఖాళీ అయిన స్థానానికి ఆరు నెలలలోగా ఉపఎన్నిక జరపాలన్న నియమం చేరిందీ ఆ సవరణతోనే.

అంటే ప్రచారం పొడుగవుతున్నదని ముప్పై ఏళ్ల కిందటే పార్లమెంటు గ్రహించి కుదించింది. కుదించినది మాత్రం అభ్యర్థుల జాబితా తేలిన తరువాతి రోజులను. అంతకు ముందరి రోజుల జోలికి పోలేదు. మునుగోడులో ఆగస్టు 8 నుంచి నోటిఫికేషన్ వచ్చిన అక్టోబరు 7 దాకా అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో చాలావరకు ఎన్నికల నియమావళి అమలులో లేదు, ఎందుకంటే అది షెడ్యూలు ప్రకటనతోనే మొదలవుతుంది. శాసనసభ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉన్నదని మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, చట్టం ప్రకారం ఆ లెక్క మొదలయ్యేది అభ్యర్థి నామినేషన్ వేసిన రోజు నుంచి. పార్టీ పెట్టే ఖర్చుకైతే పరిమితే లేదు. ఆరు నెలల గడువు పెట్టింది స్థానాలు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండకూడదని. ఆ గడువంతా ఇప్పుడు లెక్కలేని ప్రచారానికి మైదానమైంది.

ఇక్కడే అమెరికా వారిని చూసి మనం నేర్చుకోవలసినది ఒకటి ఉన్నది. అక్కడ ఐదు వేల డాలర్లు దాటి చందాలు వసూలు చేసినా, ఖర్చు పెట్టినా ఆ వ్యక్తి చట్టం దృష్టిలో అభ్యర్థి అయిపోతాడు. నమోదు చేసుకుని, ఎంత వచ్చింది, ఎంత పోయింది అని ఎన్నికల కమిషనుకు క్రమం తప్పకుండా నివేదిక ఇవ్వాలి, దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. బయటి సంఘాల చాటున దాతలను దాచే దారులు వారికీ ఉన్నాయి, కాదనను. కానీ స్థూలంగా చూస్తే వారికి హద్దు లేదు గాని లెక్క ఉంది, మనకు హద్దు ఉంది గాని లెక్క సగం దారిలో మొదలవుతుంది.

ఇది పెద్ద ఎన్నికలకే పరిమితమైన సంగతి కూడా కాదు. మన గ్రామ పంచాయతీల పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో. నడుమ సెప్టెంబరు 29న ఒకసారి షెడ్యూలు వచ్చింది, రిజర్వేషన్ల విషయంలో అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇవ్వటంతో అది ఆగిపోయింది, మళ్లీ నవంబరు 25న కొత్తది వచ్చింది. ఈ దాదాపు రెండేళ్లూ సర్పంచి కావాలనుకున్న ప్రతి ఒక్కరూ ఊళ్లో పెండ్లికి, చావుకు, బోనాలకు, బతుకమ్మకు చేతులో సంచి పట్టుకునే తిరిగారు. ఒకాయన వినాయకుని మండపాలకు రెండేళ్లు వరుసగా చందాలిచ్చి, తీరా రిజర్వేషన్ మారేసరికి పోటీకే అర్హత లేక ఇంట్లో కూర్చున్నాడు. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచి అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షా యాభై వేలు. నామినేషన్ నాటికే మా ఊళ్లో కొందరు దానికి ఎన్నో రెట్లు దాటి ఉన్నారన్నది చంటిపిల్లవాడికి కూడా తెలుసు.

ఇంత అలసటే ఉంటే మునుగోడులో నూటికి 93 మంది ఓటు ఎలా వేశారని మీ పాఠకులు అడగవచ్చు. నిజమే. అమెరికాలో 2024లో అర్హులైనవారిలో ఓటు వేసింది నూటికి 64 మంది వరకు. పోలింగు శాతంలో అలసట కనబడదు. అది కనబడేది వినటంలో. చర్లగూడెం రిజర్వాయరు కింద భూములు పోయినవారి పరిహారం, మర్రిగూడ, నాంపల్లి మండలాలకు సాగునీరు ఎప్పుడు, చండూరుకు రెవెన్యూ డివిజను ఎప్పుడు అన్న ప్రశ్నలు ఆగస్టులో గట్టిగానే వినిపించాయి. సెప్టెంబరుకు పలచబడ్డాయి. అక్టోబరు చివరకు, అసలు అడగవలసిన పదిహేను రోజులు వచ్చేసరికి, మా కట్ట మీద మాటలన్నీ ఎవరు ఏ కండువా మార్చారు, ఓటుకు ఎంత వస్తుంది అన్న రెండింటి చుట్టూనే తిరిగాయి. చెవులు అప్పటికే మూతపడ్డాయి. ఫిలడెల్ఫియా పెద్దాయన మీట నొక్కి చేసిన పనిని మా వాళ్లు మీట లేకుండానే చేశారు.

పొడుగు ఒక్కటే అలసటకు కారణమని కూడా నేను అనను. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా నాలుగు నెలలు సాగాయి. నిజాం పాలన పోయిన కొత్తలో మా నాయన తరం వాళ్లు మైళ్ల దూరం నడిచి వెళ్లి, అభ్యర్థికొక పెట్టె చొప్పున వరుసగా పెట్టిన చోట ఓటు వేసి వచ్చారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారిని నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. విసిగిపోయామని వారిలో ఒక్కరూ అనగా నేను వినలేదు. చెప్పేవాడి దగ్గర చెప్పవలసిన మాట ఉంది, వినేవాడికి అది కొత్త.

చట్టం మార్చటం మీ చేతిలోనూ నా చేతిలోనూ లేదు. ఉంటే నేను కోరేది పెద్దదేమీ కాదు. స్థానం ఖాళీ అయిన రోజు నుంచే ఆ నియోజకవర్గంలో నియమావళి, ఖర్చు లెక్క రెండూ మొదలు కావాలి. పోలింగు రెండు నెలలు దాటకుండా జరగాలి. తేదీ నిర్ణయించేటప్పుడు జిల్లా యంత్రాంగాన్ని కోత ఎప్పుడు, ఏరుడు ఎప్పుడు అని ఒక్క మాట అడగాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకే ఉన్న మైకు నిషేధాన్ని పిల్లల పరీక్షలు, ముసలివారి ఆరోగ్యం చూసి ఇంకొంత పెంచినా ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే పొద్దున ఆరింటికి పాట విని మనసు మార్చుకున్న ఓటరును నేనింతవరకు చూడలేదు.

మీ చేతిలో ఉన్నది మాత్రం ఒకటి ఉంది. ఎన్నికకు ఏళ్ల ముందే టికెట్టు ఎవరికన్న ఊహల కథనాలు రాయటం వలన ఆశావహులు పోటీపడి తిరుగుతున్నారు, వారు తిరుగుతున్నారు కాబట్టి మీరు రాస్తున్నారు. ఈ గిరక ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆ కథనాలను మీరు పూర్తిగా మానలేరని నాకు తెలుసు, చదివేవారు ఉన్నారు కదా, నేనే చదివాను. వాటి పక్కన ఇంకొకటి వేయమని అడుగుతున్నాను. ప్రతి అభ్యర్థీ ఫలితం వెలువడిన 30 రోజులలోగా తన ఖర్చుల లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి సమర్పించాలని చట్టం చెబుతున్నది. నిబంధనల ప్రకారం ఆ లెక్కను ఎవరైనా ఒక్క రూపాయి రుసుము కట్టి చూడవచ్చు. 2022 ఉపఎన్నిక, 2023 శాసనసభ ఎన్నిక, ఈ రెండింటి లెక్కలను మా నియోజకవర్గం వరకు జిల్లా సంచికలో ముద్రించండి. ఏ తేదీన ఏ సభకు ఎంత చూపించారో జనం చదువుకుని, తాము కళ్లారా చూసినదానితో పోల్చుకుంటారు. మీ విలేకరికి తీరిక లేకపోతే నల్లగొండకు నేనే వెళ్లి ఆ రూపాయి కట్టి రాసుకుని వస్తాను, బస్సు చార్జీలు కూడా నావే. మీరు కేటాయించవలసినది సగం పేజీ మాత్రమే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చండూరు మండలం, నల్లగొండ జిల్లా.